కెజియా తల్లిచేపలు

తనకి ఏదైనా రాలేదని తెలిస్తే కెజియా "సరేలే" అంటుంది. అంతే. ఆ మాట అనేసి టీ గ్లాసు కడుక్కోవడానికి లేచిపోతుంది. స్కాలర్‌షిప్పు రాకపోయినా సరేలే, అవార్డు పక్కవాళ్ళకి పోయినా సరేలే, ఇంటర్వ్యూకి పిలిచి "మాకు మనిషి కుదిరిపోయాడమ్మా" అని మొహం మీద చెప్పినా సరేలే. ఏలూరులో డిగ్రీ మొదటి ఏడాది నుంచీ దాన్ని చూస్తున్నాను. మొదట్లో ఎంత నిబ్బరమో అనుకునేదాన్ని. పోనుపోను నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఒక్కసారి ఏడవ్వే తల్లీ, నీ సొమ్మేం పోయింది?" అని కసిరితే, "ఏడుపు రావట్లేదే ఉషా, ఏం చెయ్యను?" అనేది. నిజంగానే రాదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదు చూడండి, దాని మనసు అలా అయిపోయిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

నా పేరు ఉషశ్రీ. మాది తాడేపల్లిగూడెం. అక్కడే ఓ జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. నాకు నోరెక్కువని మా స్టాఫ్ రూములో ఎవరినడిగినా చెబుతారు. కెజియాది కొల్లేటికోట. వాళ్ళ నాన్న ఎలీయాజరు గారికి ఊహ తెలిసినప్పటి నుంచీ చేపల చెరువుల మీదే పని. మేత వేయడం, గట్టు కాపలా కాయడం, చేపలు పట్టి అమ్మే పట్టుబడి రోజున వల లాగడం. అమ్మ మణెమ్మ గారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు చెరువు. ఆ ఇంట్లోంచి ఎమ్మెస్సీ దాకా వచ్చినది ఇదొక్కతే.

అది ఊరికే రాలేదు. డబ్బున్న పిల్లలు చదువుకుంటే చాలు. కెజియా చదువుకోవడానికి ముందు ఆ చదువుకి దారి వెతుక్కోవాలి. ఏ ట్రస్టు ఎవరికి సాయం చేస్తుంది, ఏ సంస్థ ఆడపిల్లలకి విడిగా ఇస్తుంది, ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూసేస్తారు, ఇవన్నీ దానికి నోటికొచ్చు. ఏలూరు బస్టాండు దగ్గర నెట్ సెంటరాయన దీన్ని చూడగానే కుర్చీ ఖాళీ చేయించేవాడు. క్లాసులో ఎవరికి ఏం కావాలన్నా దాన్నే అడిగేవాళ్ళు. నాకూ అదే వెతికి పెట్టింది. బెంగళూరులో వేసవి సెలవుల్లో పరిశోధన నేర్పుతారంటే ఇద్దరం పెట్టాం. నాకొచ్చింది, దానికి రాలేదు. నన్ను రైలెక్కించడానికి అదే వచ్చింది, కిటికీలోంచి పులిహోర డబ్బా అందించింది.

ఆ షరతులున్నాయే, రాసినవాళ్ళని నా ఎదురుగా కూర్చోబెట్టండి, కడిగేస్తాను. ఒకదానికి తండ్రి ఆదాయం తక్కువ ఉండాలి. ఆ తక్కువని నిరూపించుకోవడానికి మండలాఫీసుకీ ఏలూరుకీ తిరిగే ఆటోలకి మాత్రం ఆదాయం ఎక్కువ ఉండాలి. ఇంకొకదానికి అప్పటికే పరిశోధన చేసి అచ్చు వేయించి ఉండాలి. ఓరి మీ దుంపతెగ, పరిశోధన చేసుకోవడానికే కదయ్యా ఆ పిల్ల అడుగుతోంది! డిగ్రీలో చర్చి హాస్టలు ఆదుకుంది. పీజీలో ఒక ట్రస్టు ఆదుకుంది. ఆ రెండూ తప్పితే అన్నీ సరేలేలే.

చివరికి ఒక పరిశోధనా సంస్థ ఫెలోషిప్పు ఇచ్చింది. వయసు పరిమితి దాటిపోవడానికి ఇంకొక్క ఏడాదే ఉందనగా వచ్చింది. నేను ఫోనులో గంతులేస్తుంటే అది "ఊఁ, వచ్చింది" అంది, ఎవరింటికో చుట్టాలొచ్చినట్టు. అందులో ఒక మెలిక ఉంది. మొదట కొంతకాలానికే ఇస్తారు. తర్వాత నిపుణులు వచ్చి పని స్వయంగా చూస్తారు. బాగుందంటే పీహెచ్‌డీ అయ్యేదాకా పొడిగిస్తారు. లేదంటే అక్కడితో సరి. ఆ తర్వాత ఇంక ఎక్కడా పెట్టుకోవడానికి దానికి వయసు మిగలదు.

దాని పరిశోధన కొరమీను మీద. కొల్లేట్లో పుట్టి పెరిగే కొరమీను ఇప్పుడు చెరువుల నీళ్ళలో, ఆ మేతల మధ్య, మందుల మధ్య బతికితే దాని పిల్లలు, వాటి పిల్లలు ఎలా ఉంటాయి? ఇదీ ప్రశ్న. కాలవల్లో పట్టిన పిల్లల్ని తెచ్చి, చెరువు మూల వల కట్టి అందులో పెంచింది. అవి గుడ్లు పెట్టాయి. ఆ పిల్లలు పెద్దవై తల్లిచేపలయ్యాయి. ప్రతి తల్లిచేపకీ వీపు మీది రెక్క దగ్గర సన్నటి రంగు బిళ్ళ కట్టి ఉంటుంది, దాని మీద అంకె ఉంటుంది. వానలు పడ్డాయి కాబట్టి అవి ఇంక గుడ్లు పెట్టాలి. ఆ గుడ్లతో పరిశోధనకి ఒక రూపు వస్తుంది. అన్నీ ఆ చేపల్లోనే ఉన్నాయన్నమాట.

వాటిని సాకింది ఎలీయాజరు గారే. చెరువు ఆసామిని బతిమాలి ఆ మూల ఇప్పించింది ఆయన, వల కట్టింది ఆయన, వరదనీళ్ళు గట్టు దాటబోతే వానలో నిలబడి బస్తాలు వేసింది ఆయన. కూతురు యూనివర్సిటీలో ఉంటే ఇక్కడ చిన్న చేపలు తరిగి మేత వేసేవాడు. "మా అమ్మాయి చేపలండి, ఆయ్" అని ఊళ్ళో అందరికీ చెప్పేవాడు.

నిపుణులు జూలైలో వచ్చారు. పెద్దాయన శేషగిరిరావు గారు, పేరున్న మనిషి, నెమ్మదస్తుడు. రెండో ఆయన ఫణికిరణ్, మా వయసువాడే. కెజియాకి తోడుగా ఉందామని నేను ముందు రోజే సెలవు పెట్టి వెళ్ళాను. భోజనంలోకి కోడికూర, రొయ్యల వేపుడు అనుకున్నాం. రొయ్యలు ఏలూరు నుంచి నేనే పట్టుకెళ్ళాను.

పొద్దున్నే చెరువు గట్టు మీద ఎలీయాజరు గారు తెల్లచొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. వల ఎత్తి చేపల్ని ఒక్కొక్కటిగా చూపించాడు. నల్లగా, నిగనిగలాడుతూ, చేతిలోంచి జారిపోయేంత బలంగా ఉన్నాయి.

"భేషుగ్గా ఉన్నాయమ్మా" అన్నాడు శేషగిరిరావు గారు. "చెరువులో ఇంత ఆరోగ్యంగా పెంచడం మాటలు కాదు. మధ్యాహ్నం మా సామాను బండి వస్తుంది. బరువులు తూచి, రక్తం నమూనాలు తీసుకుందాం. ఈలోగా మీరు పిల్లల్ని పట్టిన కాలవ చూపించండి."

ఆ బరువుల మాట ఇంగ్లీషులో అన్నాడు. "భేషుగ్గా ఉన్నాయి" మాత్రం తెలుగులో అన్నాడు.

మళ్ళీ వల ఎత్తే పని లేకుండా కెజియా తండ్రితో, "వీటిని తీసి మన ఇంటి దగ్గర తొట్లో పెట్టు నాన్నా" అంది. "అలాగేనమ్మలూ" అన్నాడాయన. మేం పడవెక్కి కాలవ మీదికి వెళ్ళాం. పడవలో కెజియా పక్షుల్ని చూపిస్తూ మాట్లాడింది. శేషగిరిరావు గారు ఏదో అంటే నవ్వింది కూడా. పళ్ళు కనిపించేలా అది నవ్వి ఎన్నాళ్ళయిందో! "పొడిగింపు సంగతి నేను గట్టిగా రాస్తానమ్మా" అని ఆయన పడవ దిగుతూ అన్నాడు. నేను వెనక నుంచి దాని జబ్బ గిల్లాను. ఈసారి దానికి తెలిసింది, "అబ్బా" అంది.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో బల్ల వేసి అరిటాకులు పరిచి ఉన్నాయి. పులుసు వాసన వీధి చివరికే కొడుతోంది. అతిథులు చేతులు కడుక్కుని కూర్చున్నారు. ఎలీయాజరు గారే వడ్డనకి దిగాడు. కెజియా మంచినీళ్ళ గ్లాసుల కోసం వెనక వంటపాకలోకి వెళ్ళింది, నేనూ వెళ్ళాను.

గట్టు మీద బోర్లించిన గ్లాసుల మధ్య ఒక గ్లాసు నిలబెట్టి ఉంది. అందులో రంగు బిళ్ళలున్నాయి. ఎర్రవి, పసుపువి, నీలంవి. శుభ్రంగా కడిగి, నెత్తురు మరక లేకుండా తుడిచి పెట్టారు.

మణెమ్మ గారు పొయ్యి దగ్గర నుంచి తలెత్తి, "అవి నీ సామానంట కదమ్మా, పోతాయేమోనని మీ నాన్న జాగర్తగా కత్తిరించి దాచేడు" అంది. "నేనన్నాను, అమ్మలుని ఓ మాట అడగండి అని. చూసేశారు కదే, బావున్నాయన్నారు కదే, ఇంకా అడిగేదేంటి అన్నాడు. కొరమీను చూడ్డానికొచ్చినోళ్ళకి కోడికూర పెట్టి పంపితే మన మొహాన ఉమ్మేస్తారన్నాడు."

ఆ చెరువుల మీద పద్ధతి అదే. పట్టుబడికి ముందు బేరగాడు వస్తే వల విసిరి శాంపిల్ తీస్తారు. చేప చూసి బావుందని ఒక మాట అన్నాడా, బేరం కుదిరినట్టే. ఆ చూసిన చేపని మళ్ళీ చెరువులో వెయ్యరు. విడిగా తొట్లో వేసి, బేరగాడికే వండి పెడతారు. వండి పెట్టకపోతే ఆసామికి అవమానం. ఎలీయాజరు గారు జన్మంతా చేసింది అదే. పెద్ద సారు చూశాడు, బాగున్నాయన్నాడు, కూతురు తొట్లో వెయ్యమంది. ఇంక ఆయనకి వేరే అర్థం ఎలా తోస్తుంది?

కెజియా ఆ గ్లాసులోని బిళ్ళల్ని అరచేతిలోకి ఒంపుకుంది. వాటిని చున్నీ కొంగులో ముడి వేసింది. గ్లాసు కడిగింది. మంచినీళ్ళు పట్టింది.

"వెళ్ళి చెప్పవే!" అన్నాను దాని మోచెయ్యి పట్టుకుని. "ఇంకా ముద్ద నోట్లో పెట్టలేదు. చెప్పు!"

"చెప్తే బతుకుతాయా?" అంది. గొంతులో ఏమీ లేదు. "నాన్న వడ్డిస్తున్నాడు ఉషా."

నాకు ఆ క్షణంలో కెజియా మీద, ఎలీయాజరు గారి మీద, ఇంగ్లీషులో మాట్లాడిన ఆ పెద్దమనిషి మీద, అందరి మీదా పట్టలేనంత కోపం వచ్చింది. ఆ కోపం ఎక్కడ కక్కాలో తెలియక రొయ్యల గిన్నె పట్టుకుని బయటికి నడిచాను.

ఫణికిరణ్ అప్పటికే రెండోసారి వేయించుకుంటున్నాడు. శేషగిరిరావు గారు ముల్లు తీస్తూ, "కొరమీను పులుసంటే ఇదండీ! మా అమ్మ పోయాక ఇలాంటిది తినలేదు. ఎక్కడ దొరికాయండీ ఇంత మంచివి?" అన్నాడు.

ఎలీయాజరు గారి మొహం వెలిగిపోయింది. "భలేవారండీ! పొద్దున్న తమరు చూసి బావున్నాయన్నవేనండి, ఆయ్. తమరి కోసం గాకపోతే ఇంకెవరి కోసం పెంచేవండి?"

ఫణికిరణ్ చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. శేషగిరిరావు గారు కెజియా వైపు చూశాడు. అది నీళ్ళ గ్లాసు ఆయన ఆకు పక్కన పెట్టి, కనపడీ కనపడనట్టు తల అడ్డంగా ఊపింది. నాన్నకేమీ తెలియనివ్వకండి అన్నట్టు. పెద్దాయన ఆకు మీదికి వంగి ఇంకో ముద్ద కలుపుకున్నాడు. తర్వాత, "చాలా బాగున్నాయి ఎలీయాజరు గారూ. ఇంకొంచెం వెయ్యండి" అన్నాడు. ఆయన ఆకులో మెతుకు మిగల్చలేదు. అప్పటికి ఆయన మీద నా కోపం పోయింది.

భోజనాలయ్యాక కారు దగ్గర ఎలీయాజరు గారు లేనప్పుడు మాట్లాడుకున్నారు. శేషగిరిరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏమని రాయమంటారమ్మా?" అన్నాడు.

ఫణికిరణ్ అందుకున్నాడు. "సార్, జబ్బు చేసి చచ్చిపోయాయని రాసేద్దాం. చేపలకి జబ్బులు మామూలే కదా. మళ్ళీ మొదలుపెట్టుకోవడానికి గడువివ్వమని అడగొచ్చు. జబ్బంటే ఇస్తారు." పాపం, మంచికే అన్నాడు. నేను వెంటనే, "అదే బావుంది సార్, అలాగే రాయండి" అన్నాను.

"వద్దు సార్" అంది కెజియా. "జబ్బని రాస్తే చెరువు నీళ్ళకి తట్టుకోలేక చచ్చిపోయాయని లెక్క వేస్తారు. అది అబద్ధం. అవి బాగానే ఉన్నాయి. మీరూ చూశారు కదా."

"నీ ఫెలోషిప్పు పోతుందే!" అన్నాను, వాళ్ళు వింటున్నారని కూడా చూడకుండా.

"నాన్న పెంచిన చేపలకి జబ్బు లేదు సార్" అంది మళ్ళీ, నన్ను వినిపించుకోకుండా. "ఉన్నదే రాయండి. నాన్న పేరు మాత్రం రాయకండి. నా అజాగ్రత్త వల్ల పోయాయని రాయండి."

శేషగిరిరావు గారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. కారెక్కే ముందు దాని తల మీద చెయ్యి వేశాడు. అది కదల్లేదు. కారు మలుపు తిరిగాక కూడా అక్కడే నిలబడి ఉంటే నేనే చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చాను. ఎలీయాజరు గారు ఆకులు ఎత్తుతున్నాడు. "ఎలా ఉందంటమ్మా?" అన్నాడు ఆత్రంగా. "బావుందన్నారు నాన్నా" అంది.

వల కట్టిన మూల చిన్నవి కొన్ని మిగిలాయి గాని, అవి గుడ్లు పెట్టే వయసుకి రావాలంటే ఇంకో వానాకాలం రావాలి. అంతవరకూ ఆగేవాళ్ళెవరు? పొడిగింపు లేదని ఆగస్టులో ఒక శనివారం మెయిల్ వచ్చింది. శేషగిరిరావు గారు బతిమాలుతూ విడిగా ఒక కాగితం రాశారట, కమిటీ ఒప్పుకోలేదు. కెజియా నాకు ఫోను చేసి ఆ మెయిల్ పైనుంచి కింది దాకా చదివి వినిపించింది, క్లాసులో పాఠం చదివినట్టు. చదవడం అయిపోయాక "సరేలే" అని కూడా అనలేదు. నేను తిడుతున్నాను, ఏడుస్తున్నాను, అది వింటోంది. అలా ఎంతసేపో.

భయం వేసి మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఇంట్లో ఎవరూ లేరు, చర్చిలో ఉన్నారు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి ఆడవాళ్ళ వైపు చాప మీద కెజియా పక్కన కూర్చున్నాను. నన్ను చూసి కాస్త జరిగింది.

"నాన్నకి చెప్పావా?" అని గొణిగాను.

"సర్కారు దగ్గర డబ్బుల్లేవంట, తర్వాత చూస్తామన్నారు అని చెప్పాలి. రేపు చెప్తాను" అంది. "దెందులూరు దగ్గర మేతల కంపెనీలో నీళ్ళు పరీక్ష చేసే పనుందంట. అందులో చేరతాను."

పాటయ్యాక యోబు పాస్టరు గారు, "దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పదల్చుకున్నవాళ్ళు లేచి చెప్పొచ్చు" అన్నారు. మగవాళ్ళ వైపు నుంచి ఎలీయాజరు గారు లేచాడు. అదే తెల్లచొక్కా. ఆయన ఎప్పుడూ లేవడట. పక్కనున్నవాళ్ళు ఆశ్చర్యంగా చూశారు.

"దేవునికి స్తోత్రం. నాకు మాటలు రావండి" అన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకున్నాడు. "నేను చదువుకోలేదండి. మా అమ్మాయి చదువుకి ఇన్నేళ్ళూ నేనేం సాయం చెయ్యలేకపోయేను. ఎక్కడెక్కడో తిరిగి అదే తెచ్చుకునేదండి. నాకు లోపల చాలా సిగ్గుగా ఉండేది. మొన్న పెద్ద సార్లు మా ఇంటికొచ్చేరండి. నేను పెంచిన చేపలు చూసి బావున్నాయన్నారు. నా చేత్తో వడ్డిస్తే తిన్నారు. పెద్ద సారు రెండోసారి అడిగి వేయించుకున్నారండి. ఇన్నాళ్ళకి మా అమ్మాయికి నేనూ ఒక పనికొచ్చేనండి. దాని ఉద్యోగం కోసం అందరూ ప్రార్థన చెయ్యండి."

చటుక్కున కూర్చుండిపోయాడు. పక్కనాయన ఆయన భుజం తట్టాడు. మణెమ్మ గారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నేను కెజియా చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. గట్టిగా నొక్కాను, అది తిరిగి నొక్కలేదు. ఏడుస్తుందేమోనని, దేవుడా ఇప్పుడు మాత్రం ఏడవకూడదని, అన్నేళ్ళూ ఏడవమని సాధించిన నేనే అనుకున్నాను.

పాస్టరు గారు ప్రార్థన చేశారు. అందరూ "ఆమెన్" అన్నారు. ఎలీయాజరు గారు కళ్ళు తెరిచి కూతురి కోసం ఇటువైపు వెతికాడు. కెజియా తండ్రి వైపే చూస్తూ, ఆయనకి వినిపించేలా, అందరి తర్వాత ఒక్కతే "ఆమెన్" అంది.